పెంటమ్మ మనవరాలికి ఏం పేరు పెట్టాలి?

ప్రశ్న: అక్కా, మాది హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊరు. రెండుసార్లు కడుపు పోయాక మాకు పాప పుట్టింది. నేను మళ్లీ నీళ్లోసుకున్నప్పుడు మా అత్తమ్మ జాన్‌పహాడ్ దర్గాకు పోయి, బిడ్డ దక్కితే సైదులు స్వామి పేరు పెట్టుకుంటామని మొక్కుకుంది. 21వ రోజు తొట్టెల దగ్గర పడుతోంది. అత్తమ్మ పేరు పెంటమ్మ. ఆ పేరు నలుగురిలో చెప్పుకోవాలంటే ఆమెకు నామోషీ. "నా పేరు దానికొద్దు బిడ్డా, సైదులు పేరైతే పెట్టుండ్రి" అంటోంది. మా ఆయనకు జర్మనీలో ఉద్యోగం, కొన్ని నెలల్లో మేము కూడా అక్కడికే పోతాం. ఆయన కియారా అంటున్నారు. నాకు అన్య నచ్చింది. ఫోన్‌లో చూస్తే ఒక్కో సైట్‌లో ఒక్కో అర్థం ఉంది. చిన్నమామయ్యేమో "సైదులంటే ముస్లింల పేరు, మనకెందుకు" అని గొడవ చేస్తున్నారు. సైదమ్మ అని పెడితే అక్కడి పిల్లలు ఎక్కిరిస్తారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు? (ఒక తల్లి, సూర్యాపేట జిల్లా)

సమాధానం: చెల్లె, ముందుగా పాపకు నా దీవెనలు. రెండుసార్లు పోగొట్టుకుని మూడోసారి బిడ్డను ఎత్తుకున్న తల్లివి. పేరు గురించి ఇంతగా ఆలోచించడం సహజమే. నా మాట సూటిగా చెప్పేస్తాను. సైదులు, సైదమ్మ పేర్లలో ఉన్న సైద అనే పేరు పాప సర్టిఫికెట్‌లో ఉండాలి. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరుగా కాదు, రాతలోనే ఉండాలి. దాని పక్కన మీరిద్దరూ కలిసి ఎంచుకున్న ఇంకో పేరు పెట్టుకోవచ్చు. అత్తమ్మ మొక్కు తీరుతుంది, మీ ఇష్టం కూడా నెరవేరుతుంది.

చిన్నమామయ్య మాటకు ముందు జవాబు చెప్పుకుందాం, తొట్టెల రోజు లొల్లి అయ్యేది అక్కడే కాబట్టి. సైదులు అనే పేరులో ముందు భాగం అరబీ, వెనక భాగం అచ్చంగా మనది. అరబీలో 'సయ్యిద్' అంటే ప్రభువు, పెద్ద, నాయకుడు. రాములు, నర్సింలు, ఆంజనేయులు అన్నట్టే మనవాళ్లు దానికి గౌరవంగా 'లు' చేర్చి సైదులు చేసుకున్నారు. ఆడపిల్ల పుడితే సైదమ్మ అన్నారు. రెడ్ల ఇంట్లో సైదిరెడ్డి అయింది, తండాలో సైదా నాయక్ అయింది. పాలకీడు, నేరేడుచర్ల, మిర్యాలగూడ వైపు పోయి ఏ ఊళ్లోనైనా నాలుగిళ్లలో అడిగి చూడమను. ఈ పేర్లున్నవాళ్లలో ఎక్కువమంది హిందువులే. జనవరిలో ఉర్సుకు జాన్‌పహాడ్ పోతారు, మొక్కున్నవాళ్లు మేకను కోసి కందూరు విందు చేస్తారు, ఇంటికొచ్చి యాదగిరి నర్సన్నకు కూడా దండం పెట్టుకుంటారు. తరాల నుంచి మన పిల్లలకు పెట్టుకుంటూ వచ్చిన పేరు మనది కాకుండా ఎలా పోతుంది?

మామయ్య మీ దగ్గరి పట్నం పేరును కూడా ఒకసారి తలచుకోవాలి. హుజూర్ అరబీ నుంచి వచ్చిన మాటే, ఏలినవారిని మర్యాదగా పిలిచే పిలుపు. పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. ఆయన 1869 నుంచి 1911 దాకా గద్దె మీద ఉన్నాడు. మహబూబ్ అంటే ప్రేమకు పాత్రుడైనవాడు. హీబ్రూలో దావీదు అనే పేరుకు కూడా అదే అర్థం చెబుతారు. మన ప్రియ కూడా అదే కదా. సికిందరాబాద్ పేరు మూడో నిజాం సికిందర్ జా నుంచి వచ్చింది. ఆ సికిందర్ ఎవరనుకున్నావు, గ్రీకుల అలెగ్జాండరే. పర్షియా మీదుగా వస్తూ వస్తూ ఆ పేరు అట్లా మారింది.

సయ్యిద్ అనే పేరు తూర్పుకు మాత్రమే రాలేదు. 11వ శతాబ్దంలో స్పెయిన్‌లో రోద్రిగో దియాజ్ అనే యోధుడు ఉండేవాడు. మతానికి క్రైస్తవుడు. ఆయన్ను లోకమంతా 'ఎల్ సిద్' అంటుంది. ఆ సిద్ మన సయ్యిదే. మొరాకోలో పెద్దవాళ్లను 'సీదీ' అంటారు, అదీ ఇదే. తుర్కీలో 'సెయిత్' అని మగపిల్లలకు పెడతారు. ఆడరూపం సయ్యిదా. ఈజిప్టులో ముహమ్మద్ ప్రవక్త మనవరాలు జైనబ్‌ను 'సయ్యిదా జైనబ్' అంటారు, కైరోలో ఆ పేరుతో ఒక పేటే ఉంది. బైబిల్‌లో మార్త అనే పేరు వినే ఉంటావు. ఆ పేరుకు అరమాయిక్ భాషలో 'ఇంటి యజమానురాలు' అని అర్థం. అంటే నల్గొండ సైదమ్మ, కైరో సయ్యిదా, చర్చిలో మార్త, ముగ్గురి పేర్లకూ భావం ఒకటే. దొరసాని అంటే సులువుగా అర్థమవుతుంది గానీ, మన జిల్లాలో ఆ మాటకు ఉన్న చేదు వేరు కాబట్టి పెద్దమ్మ అనుకుందాం.

ఒక్క జాగ్రత్త ఉంది. సైద అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి వెతికితే నీకు 'సంతోషంగా ఉన్నది' అనే అర్థం ఎదురవుతుంది. అది సయీదా, వేరే ధాతువు నుంచి వచ్చిన వేరే పేరు. లెబనాన్‌లో సైదా అనే ఊరు కూడా కనబడుతుంది. అది సముద్రం ఒడ్డున ఉన్న పురాతన సిదోను పట్టణం, దానికీ దీనికీ సంబంధం లేదు. అరబీ లిపిలో ఈ మూడూ వేర్వేరుగా ఉంటాయి. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒకే స్పెల్లింగ్‌లో కలిసిపోతాయి. పాప పెద్దయ్యాక ఎవరైనా అరబీ తెలిసినవాళ్లు "నీ పేరుకు సంతోషం అని అర్థం" అంటే కాదనాల్సిన పనీ లేదు, కానీ అసలు సంగతి తనకు తెలిసి ఉండాలి.

ఇక అత్తమ్మ సంగతి. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. పెంటమ్మ అనే పేరు ఎందుకు పెడతారో నీకు తెలుసో లేదో. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టే పేరు అది. చాలా ఊళ్లలో ఒక తంతు కూడా చేసేవాళ్లు. పసిబిడ్డను చాటలో పాతగుడ్డ మీద పడుకోబెట్టి పెంటకుప్ప అంచున పెట్టి వచ్చేవాళ్లు. వాడకట్టులో పిల్లలు బాగా దక్కిన ఒకామె పోయి ఆ చాట ఎత్తుకొచ్చి, గడప బయటే నిలబడి "నాకు దొరికింది, కొంటరా?" అని అడిగేది. కన్నతల్లి దోసెడు నూకలో, నాలుగు పైసలో ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కునేది. పారేసిన బిడ్డ మీద చావుకు ఆశ పుట్టదని నమ్మకం. పుల్లయ్య, కుప్పమ్మ లాంటి పేర్ల వెనక కూడా చాలా ఇళ్లలో ఇదే కథ ఉంటుంది. భిక్షమయ్య, భిక్షమమ్మ, భిక్షపతి అంటే దేవుడి దగ్గర అడుక్కుని తెచ్చుకున్న పిల్లలు.

ఇది మన ఊళ్ల మూఢత్వం అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలకే పెంటమ్మలు తమ పేరు చెప్పుకోలేక కుంగిపోయారు. నిజానికి పిల్లలు దక్కని తల్లులున్న ప్రతి చోటా ఇట్లాంటి పేర్లున్నాయి. మరాఠీవాళ్లు కచరు అని పెట్టారు, అంటే చెత్త. దగడు, ధోండు అని పెట్టారు, అంటే రాయి. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయొచ్చినవాళ్లు ఈ పేర్లు వినే ఉంటారు. మంగోలియాలో 'నెర్‌గుయ్' అంటే పేరు లేనిది, 'ఎనెబిష్' అంటే ఇది కాదు. వచ్చిన పీడ తికమకపడి తిరిగిపోవాలని అట్లా పెట్టారు. నైజీరియాలో యొరుబా తల్లులు 'మాలోమో' అని పెట్టుకున్నారు, మళ్లీ వెళ్లిపోకు అని. 'కొసోకో' అనే పేరు ఇంకా గుండె పిండుతుంది. పార లేదు అని అర్థం. గుంత తవ్వడానికి ఇంట్లో పార లేదు, నువ్వు చావొద్దు అని బిడ్డకు చెప్పడం అది. యూదులు పసివాడికే 'ఆల్టెర్' అని, అంటే ముసలివాడు అని పేరు పెట్టేవాళ్లు, ముసలితనం దాకా బతకాలని.

తుర్కులు మాటను దాచకుండా నేరుగానే అడిగారు. 'దుర్సున్' అంటే ఉండనీ, నిలవనీ. 'యషార్' అంటే బతుకుతాడు. 1961లో జర్మనీకీ తుర్కీకీ కుదిరిన ఒప్పందంతో లక్షలమంది తుర్కీ కార్మికులు జర్మనీ ఫ్యాక్టరీలకు వచ్చారు, వాళ్ల పిల్లలూ మనవళ్లూ అక్కడే స్థిరపడ్డారు. రేపు మీ అపార్ట్‌మెంట్‌లో దుర్సున్ అనే పెద్దాయన ఎదురుపడితే, ఆయనకు మీ అత్తమ్మ పేరు కథ చెప్పు. అందరికంటే ముందు ఆయనకే అర్థమవుతుంది. సెయిత్ అనే అబ్బాయి పాపతో పాటు బడికి కూడా రావచ్చు.

ఇవే మాటలు అత్తమ్మ దగ్గర కూర్చుని చెప్పు చెల్లె. ఆమె పేరులో ఉన్నది చెత్తకుప్ప కాదు, ఎట్లాగైనా నువ్వు బతకాలి అని ఆమె తల్లి పట్టిన పట్టు. జాన్‌పహాడ్‌లో నీ బిడ్డ కోసం అత్తమ్మ మొక్కింది కూడా సరిగ్గా అదే. ఆమెను చాటలో పెట్టారా, ఎవరు ఎత్తుకొచ్చారు, ఏం ఇచ్చి కొన్నారు అని అడుగు. తెలిసినంత చెప్పించుకుని రాసి పెట్టు. పాపకు పెంటమ్మ అని పెట్టమని నేను అనను. ఆ పేరు పని ఆ కాలంతో అయిపోయింది. కానీ ఆమె సిగ్గుపడుతూ మిగిలిపోకూడదు.

ఇప్పుడు సైట్ల సంగతి. వాటిలో అర్థాలు తప్పు అనడం కంటే, కలగాపులగం అనడం సరైనది. మీ ఆయన మెచ్చిన కియారా చూడు. ఒక సైట్ వెలుగు అంటుంది, ఇంకొకటి చీకటి అంటుంది. రెండూ నిజమే, కానీ రెండు వేర్వేరు పేర్లవి. ఇటలీలో కియారా అంటే లాటిన్ 'క్లారా' నుంచి వచ్చింది, ప్రకాశవంతమైనది అని అర్థం. జర్మనీలో అదే పేరు క్లారా. ఐర్లాండ్‌లో 'కీరా' అని పలికే పేరు ఒకటుంది, దాన్ని కూడా ఇంచుమించు అవే అక్షరాలతో రాస్తారు, అర్థం నల్లని పిల్ల. సైట్ నడిపేవాళ్లు రెండింటినీ ఒకే గంపలో వేసి, పైన సంస్కృతం అని చీటీ అంటిస్తారు. కియారాలో సంస్కృతం ఏమీ లేదు. అది తెలిసి పెట్టుకుంటే తప్పేం లేదు, మంచి పేరే.

అన్య విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. రష్యాలో అన్యా అంటే అన్నా అనే పేరుకు ముద్దురూపం. అన్నా హీబ్రూ హన్నా నుంచి వచ్చింది, దయ అని అర్థం. సైట్లలో 'దయగలది' అని కనబడేది అందుకే. జర్మనీలో ఆ పేరు బాగా వాడుకలో ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. కానీ మన చెవికి అన్య అంటే ముందుగా తట్టేది పరాయి అనే. అన్యులు, అన్యమతం, అన్యాక్రాంతం. భూమి అన్యాక్రాంతమైందని తహసీల్ ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలున్న జిల్లా మనది. ఇన్నాళ్లకు నీ ఒడిలోకి వచ్చిన బిడ్డను రోజూ ఆ మాటతో పిలవాలనిపిస్తుందా? పెట్టొద్దు.

పేరు పెట్టే ముందు అటు భాషలోనూ ఇటు భాషలోనూ ఎట్లా వినబడుతుందో చూసుకోవాలి. సారా అనే పేరు యూరప్ అంతా ఉంది, పెద్దింటి స్త్రీ అని అర్థం. మన దగ్గర సారా అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలుగు బైబిల్‌లో అయితే ఆ పేరు శారా అని ఉంటుంది. ఆశ అనే పేరు తీసుకో. మనకు ఎంత మంచి మాట. స్వాహిలీలోనూ ఆశా ఉంది, అది ఆయిషాకు రూపం, బతికి ఉన్నది అని అర్థం. నీ పాపకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ జర్మన్‌లో 'ఆషె' అంటే బూడిద. అక్కడ పెరిగే పిల్లకు వద్దు.

సైద మాటకొస్తే, జర్మన్లు పదం మొదట్లో అచ్చుకు ముందున్న 'ఎస్'ను 'జ' లాగా పలుకుతారు. కాబట్టి మొదటిరోజు టీచర్ జైదా అనే అవకాశం ఉంది. రెండుమూడుసార్లు చెబితే సైదా అని నేర్చుకుంటారు. 'ఏ, ఐ' పక్కపక్కన ఉంటే అక్కడ ఐ అనే చదువుతారు కాబట్టి మిగతాది సరిగ్గానే వస్తుంది. మన జ్యోతి, జయ అక్కడ యోతి, యయ అయిపోతాయి, 'జె' అక్షరాన్ని వాళ్లు య అంటారు కాబట్టి. వాటితో చూస్తే సైద చాలా సులువు. ఎక్కిరింపు గురించి టెన్షన్ పెట్టుకోకు. అరబీ, తుర్కీ పేర్లున్న పిల్లలు అక్కడి బడుల్లో చాలామంది ఉంటారు, ఈ పేరు వాళ్లకు కొత్త కాదు. అయితే కొందరు పేరు వినగానే మీరు ముస్లింలు అనుకోవచ్చు. పాపకు మాట వచ్చినప్పటి నుంచే జాన్‌పహాడ్ మొక్కు సంగతి చెబుతూ ఉంటే, తనే జవాబు చెప్పుకుంటుంది.

రెండో పేరుకు నన్నడిగితే మీరా అంటాను. మీరాబాయి పేరు కాబట్టి చిన్నమామయ్యకు అభ్యంతరం ఉండదు. లాటిన్‌లో మీరా అంటే అద్భుతమైనది. రష్యా, సెర్బియా వైపు 'మీర్' అంటే శాంతి, అందులోంచి మీరా అనే ఆడపేరు పుట్టింది. జర్మనీలో కూడా పెట్టుకుంటారు. మూడు భాషల్లో మూడు దారుల్లో వచ్చి ఒకే ధ్వని దగ్గర కలిసిన పేరు. స్పెల్లింగ్‌లో మాత్రం రెండు 'ఈ'లు వద్దు, ఒక్క 'ఐ' చాలు. రెండు 'ఈ'లు రాస్తే జర్మన్లు మేరా అని చదువుతారు. మీరా సైద. మీ ఆయనకు కియారానే కావాలంటే కియారా సైద కూడా బాగానే ఉంది. ఇద్దరూ నాలుగు రోజులు రెండు పేర్లతోనూ పాపను పిలిచి చూడండి, నోటికి ఏది వస్తే అది.

కాగితాల పని కొంచెం శ్రద్ధగా చెయ్యి, తర్వాత మార్చుకోవడం పెద్ద తలనొప్పి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, అది ఆసుపత్రి వాళ్లు చేసి ఉంటారు. పేరు లేకుండా కూడా నమోదవుతుంది. పేరును 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చుతారు. అంటే తొట్టెల రోజుకే అంతా తేలాలన్న తొందర లేదు. కానీ పాస్‌పోర్ట్‌కు ముందు తేలాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి నుంచి పాస్‌పోర్ట్ దాకా అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అందులో పడే అక్షరాలే పాపకు జీవితాంతం ఉంటాయి.

పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో పూర్తిగా రాయండి. మన అలవాటు కొద్దీ ముందు ఒక్క అక్షరం పెట్టి వదిలేయొద్దు. మీరా సైద అనే రెండు మాటలూ పేరు గడిలో రావాలి. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి ఒంటిపేరు పెట్టుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్ట్‌లో ఒంటిపేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పినప్పుడు ఇట్లాంటి వాళ్లకే చిక్కు వచ్చింది. ఇంటిపేరు స్పెల్లింగ్ మీ ఆయన పాస్‌పోర్ట్‌లో ఎట్లా ఉందో పాపకూ అట్లాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్ట్‌లో ఒక తీరు ఉంటే జర్మనీ వీసా దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

తొట్టెల రోజు పాప చెవిలో పేరు చెప్పే పని అత్తమ్మకే ఇవ్వండి. ముందు సైద అని చెప్పి, తర్వాత రెండో పేరు చెప్పమను. చిన్నమామయ్యకు మాత్రం ఆ రోజు దాకా ఆగకుండా మీ ఆయనతోనే ముందుగా నచ్చజెప్పించు. మొక్కు మొక్కింది వాళ్లమ్మ, పుట్టింది ఆయన బిడ్డ, కాబట్టి ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి.